సిట్టింగ్ మంజూరైనది

సెప్టెంబరు పద్నాలుగో తారీఖు, ఆదివారం మధ్యాహ్నం. నేను జెల్ల చేపల పులుసుతో అన్నం తింటున్నాను. చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళలో కొరమీను అమ్మకానికి, జెల్ల వంటకు. ఆ వంటలో ఒక గిన్నె వారానికోసారి మా ఇంటికి వస్తుంది. నా భార్య త్రివేణి పోయిన మూడేళ్ళ నుంచీ బుగ్గమ్మ ఈ ఏర్పాటు ఎవరికీ చెప్పకుండా నడుపుతోంది. గిన్నె తెచ్చిన ఆమె భర్త ఇస్తారి మా వరండాలో కూర్చుని ఉన్నాడు. నేను రెండో ముద్ద కలుపుతుండగా సందు మొదట్లో మైకు ఆటో ఆగింది. మైకులో గొంతు ఐలేష్‌ది. మా పట్టణంలో పెళ్ళి రిసెప్షన్‌కైనా నల్లా పన్నుకైనా అదే గొంతు.

“ఇబ్రహీంపట్నం ప్రజలకు శుభవార్త. మన ప్రియతమ నాయకులు, మాజీ కౌన్సిలర్, కాబోయే చైర్మన్, పేదల పెన్నిధి మల్లేశయ్య గారి అవిశ్రాంత కృషి ఫలితంగా, రాష్ట్రంలోనే మొట్టమొదటి ఆత్మగౌరవ సిట్టింగ్ భవనం మన పట్టణానికి మంజూరైనది. రేపు సాయంత్రం నాలుగు గంటలకు ప్రారంభోత్సవం. ప్రథమ లబ్ధిదారు, మత్స్యకార ముద్దుబిడ్డ శ్రీ ఇస్తారి గారు తొలి గ్లాసు స్వీకరించెదరు. కావున యావన్మంది…”

ఆటో ముందుకు కదిలింది. ఇస్తారి తల గోడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అతను తాగుడు మానేసి ఆ రోజుకు ముప్పై ఒక్క రోజులు.

ఈ చారిత్రక సంఘటనకు మూలం నేను రాసిన అర కాగితం. గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు గాని, పాఠకులకు వివరం తెలియాలి. ఇస్తారి పేరు రాయవచ్చునా అని అతన్నే అడిగాను. ఫ్లెక్సీ మీద ఎక్కినంక దాచేదేముంది సార్ అన్నాడు.

నేను జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు సివిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. అందువల్ల ప్రభుత్వమంటే నాకు గౌరవం ఎక్కువ. మల్లేశయ్య నా విద్యార్థే. సివిక్స్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి పరీక్ష రాయకుండా నేరుగా సివిక్స్‌లోకే వెళ్ళిపోయాడు.

ఆగస్టు నెలాఖరులో ఒక సాయంత్రం ఇస్తారి మా ఇంటికి వచ్చాడు. కళ్ళు పచ్చబడి దవాఖానలో పడి లేచిన మనిషి. అప్పటికి పదకొండు రోజులుగా ముట్టలేదు. ఇంకొక్కసారి తాగితే నా దగ్గరికి రాకు, స్టూడియోకు పోయి ఒక మంచి ఫోటో దిగు, ఇంట్లోవాళ్ళకు దండ వెయ్యడానికి పనికొస్తుంది అని డాక్టరమ్మ చెప్పిందట. మందులు రాసిచ్చి, తాగుడు మానాలనుకునేవాళ్ళు వారానికోసారి కలిసి కూర్చుని మాట్లాడుకునే మీటింగులు ఉంటాయని, అలాంటిది ఒకటి వెతుక్కోమని కూడా చెప్పిందట.

“పదకొండు దినాలు పండ్లు బిగవట్టిన సార్. ఒక్కనితోని అయితలేదు,” అన్నాడు. “గా మీటింగు యాడుంటదో జర అర్సుకొని చెప్పుండ్రి.”

నాలుగు ఫోన్లు చేస్తే ఐదో ఫోన్లో తెలిసింది. మీర్‌పేట్‌లో, శనివారం సాయంత్రం, ఒక బడి వెనక రేకుల గదిలో. ఆ శనివారం ఇద్దరం బస్సెక్కాం. దారిలోని వైన్సులు అతనికి కనబడకుండా కిటికీ వైపు నేను కూర్చున్నాను. పద్నాలుగు లెక్కపెట్టి ఆపేశాను.

ఆ మీటింగుకు బోర్డు లేదు. అక్కడికి వచ్చేవాళ్ళు పేర్లు చెప్పుకోరు, కాబట్టి గదికి కూడా పేరు పెట్టలేదు. పద్ధతి ఉదాత్తంగా ఉంది గాని చేరుకోవడం కష్టం. కాలనీలో కనబడ్డవాళ్ళనల్లా అడిగాను. తాగుడు అలవాటున్నవాళ్ళు కూర్చునే చోటు ఎక్కడ బాబూ అంటే, ఒకతను కుడివైపు వైన్సు చూపించాడు. ఇంకొకతను ఎడమవైపుది చూపించి, అక్కడైతే ఏసీ ఉంటుందని సలహా ఇచ్చాడు. ఇద్దరూ దయగలవాళ్ళే. మూడో ఆయన అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడట. నా నెరిసిన తల చూసి, ఈ వయసులో బయటెందుకు, ఇంట్లోనే కూర్చోవచ్చు కదా అని మందలించాడు.

ఈ అనుభవం నుంచి నేను ఒక పాఠం నేర్చుకోవలసింది. నేర్చుకోలేదు.

చివరికి గది దొరికింది. ఐదు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను. నేను బయట నిలబడ్డాను. గంట తర్వాత ఇస్తారి బయటికొచ్చాడు. బస్టాపులో అన్నాడు: “ఆడ ఎవ్వలు నన్ను తాగుబోతు అనలే సార్. నన్ను నేనే అన్న. బరువు దించినట్టు పెయ్యి అల్కగైంది.”

కాని పోను రాను మూడు గంటలు. శనివారం సాయంత్రం వల వెయ్యకపోతే ఆదివారం పొద్దున అమ్మడానికి చేపలుండవు. మీ ఊళ్ళోనే మొదలుపెట్టుకోండి, ఒక గదీ ఇద్దరు మనుషులూ ఉంటే చాలు అని అక్కడి పెద్దమనిషి చెప్పాడట. మా ఇంటి ముందు గది ఇస్తానన్నాను. ఇస్తారి కిటికీలోంచి ఒకసారి బయటికి చూసి వద్దన్నాడు. మా ఎదురుగా వైన్సు. చీకటి పడితే వాళ్ళ ఫ్రిజ్జు లైటు నా కుర్చీ మీదే పడుతుంది. దాని వెలుతురులో నేను పేపరు చదువుకుంటాను.

అప్పుడు నేను ప్రభుత్వాన్ని అడుగుదామన్నాను. సౌకర్యాల సమన్వయ కేంద్రం అని మా దగ్గర ఒక ఆఫీసు ఉంది. ఎక్కడా దొరకని సౌకర్యాలను అక్కడ సమన్వయం చేస్తారు. దరఖాస్తు నేనే రాశాను. ఇస్తారి పరువు పోకూడదని మాటలు ఏరి ఏరి రాశాను. “మద్యంతో చిరకాల పరిచయం గల మేము కొందరము, వారమునకొక సాయంత్రము ప్రశాంతముగా కూర్చుండి మనసు విప్పి మాట్లాడుకొనుటకు, నలుగురి కంటబడని ఒక గది ఇప్పించ ప్రార్థన.” కింద ఇస్తారి సంతకం.

సమన్వయాధికారి హరీశ్ గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, మా ఇద్దరి వైపూ ఆర్ద్రంగా చూశారు.

“అంటే సిట్టింగే గద సార్?”

“అవును, కూర్చోవడమే,” అన్నాను.

తన ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత నిజాయితీ గల దరఖాస్తు చూడలేదన్నారాయన. అందరూ కమ్యూనిటీ హాలనీ, యువజన సంఘం గదనీ, గ్రంథాలయమనీ అడిగి తీసుకుని, తీసుకున్నాక అందులో ఇదే చేస్తారట. ముందే చెప్పి అడిగినవాళ్ళం మేమేనట. లేచి నిలబడి ఇస్తారితో కరచాలనం కూడా చేశారు.

మా వైపు ‘కూసుందామా’ అంటే మందుకేనని ఐదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కాని నేను గ్రాంథికంలో రాశాను. గ్రాంథికంలో కూర్చున్నవాళ్ళను ఎవరూ అనుమానించరని నా నమ్మకం.

ఫైలు రెండు వారాల్లో కదిలింది. నా పెన్షన్ ఫైలుకు రెండేళ్ళు పట్టింది. ప్రభుత్వానికి ఏది అత్యవసరమో సివిక్స్ పుస్తకంలో సరిగా రాయలేదని ఆ రోజే గ్రహించాను.

ఇక ఆ ఆదివారం సంగతి. చెయ్యి కడుక్కుని, ఇస్తారిని వెంటబెట్టుకుని మల్లేశయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన నా కాళ్ళకు దండం పెట్టాడు. ఆ వినయం చూసి పక్కనున్నవాళ్ళు ఫోటో తీశారు. ఇస్తారి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

“చెరువు కట్ట మీద, కల్వర్టు కింద, బడి గోడెనుక కూసుని తాగుతున్నరు సార్ మనోళ్ళు. ఆత్మగౌరవం ఏం గావాలె?” అన్నాడు.

ఇది తాగడానికి కాదయ్యా, మానడానికి అని విడమరిచి చెప్పాను. డాక్టరమ్మ మాట చెప్పాను. మీర్‌పేట్ గది చెప్పాను. మల్లేశయ్య శ్రద్ధగా విన్నాడు. క్లాసులో ఎన్నడూ అంత శ్రద్ధగా వినలేదు.

“తాగెటోనికి జాగ గావాలె సార్,” అన్నాడు చివరికి. “మానెటోనికి జాగెందుకు? ఊకుంటే అయిపాయె.”

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి కూడా ఈ కోణం నాకు తట్టలేదు.

హరీశ్ గారికి ఫోన్ చేశాం. ‘కూర్చొనుట’ను ‘మానుట’గా సవరించాలంటే కొత్త ఫైలు తెరవాలట. దానికి, దరఖాస్తుదారు తాగుడు పూర్తిగా మానినట్టు ధ్రువపత్రం జత చెయ్యాలట. పూర్తిగా మానడానికే కదా గది అడుగుతున్నది అన్నాను. “అయితే ఇంకా మానలేదన్నట్టే గద సార్. ఈ ఫైలే కరెక్టు,” అన్నారు ఆయన ఊరట పడుతూ.

అప్పుడు ఇస్తారి, నేను రేపు రాను, నా పేరు కొట్టెయ్యుండ్రి అన్నాడు. మల్లేశయ్యకు కోపం రాలేదు. లబ్ధిదారు లేకపోతే ఫైలు వెనక్కి పోతుందనీ, ఫైలు పోతే గది పోతుందనీ నెమ్మదిగా చెప్పాడు.

“ఒక్క గ్లాసు, ఒక్క ఫోటో,” అన్నాడు. “గా తర్వాత తాళంచెవి నీ చేతులనే పెడ్త. లోపట తాగుతరో మానుతరో నాకెందుకన్నా?”

తిరిగి వస్తుంటే సందులోవాళ్ళు ఇస్తారిని ఆపి, నెల దాటిందట కదా మానేసి, దావత్ ఎప్పుడు అని అడిగారు. అభిమానంతోనే అడిగారు. ఇంటి దగ్గర ఖాళీ గిన్నె కోసం వచ్చిన బుగ్గమ్మకు సంగతంతా చెప్పాను. ఆమె గిన్నె తిరగేసి చూసింది. దాన్ని కడిగే పెడతాను నేనెప్పుడూ.

“అర్ర ఇయ్యనీకి పానం అడుగుతుండా సార్?” అంది.

సివిక్స్‌లో జవాబుంది గాని ఆమెకు పనికొచ్చేది కాదు.

బస్టాండు వెనకనున్న ఆ భవనానికి ప్రారంభోత్సవాలు కొత్త కాదు. మొదట పఠన మందిరంగా ప్రారంభమైంది. తర్వాత యోగా కేంద్రంగా, ఆ తర్వాత వృద్ధుల విశ్రాంతి గృహంగా. ప్రతిసారీ రిబ్బను కత్తిరించి తాళం వేశారు. అందువల్ల గోడల రంగు చెక్కుచెదరలేదు. సోమవారం నాలుగింటికి మేము వెళ్ళేసరికి రెండు వందల కుర్చీలు, బయట ఒక ఫ్లెక్సీ, లోపల గోడంతా ఇంకో ఫ్లెక్సీ. రెండింట్లోనూ మల్లేశయ్య చేతులు జోడించి నవ్వుతున్నాడు. అడుగున ఒక మూల, ఆధార్ కార్డులోంచి తీసిన ఇస్తారి ముఖం ఉంది. అందులో అతను ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టున్నాడు.

హరీశ్ గారు ఉత్తర్వు చదివారు. ఒక లబ్ధిదారుకు ఒక యూనిట్. యూనిట్ అనగా ఒక ఫుల్ బాటిలు, ఒక గాజు గ్లాసు. దరఖాస్తు రాసినందుకు నాకు శాలువా కప్పారు. మల్లేశయ్య నలభై నిమిషాలు మాట్లాడి, భవనం గడప దగ్గర స్వయంగా గ్లాసు నింపాడు. నీళ్ళు కలపలేదు. ఉత్తర్వులో నీళ్ళ ప్రస్తావన లేదు.

“అన్నా, గ్లాసు జర పైకి,” అన్నాడు ఫోటోగ్రాఫర్ రితేష్. “ఇంక. మూతి కాడికి తే.”

నాలుగడుగుల దూరంలో ఉన్న నాకే వాసన తగిలింది. ఆడవాళ్ళ వరసలో బుగ్గమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. గ్లాసు పైకి లేచింది. గ్లాసుకూ పెదవికీ మధ్య వేలెడు సందు మిగిలినప్పుడు అతని కళ్ళు ఒకసారి మూసుకుని తెరుచుకున్నాయి.

“మల్లేశన్నా,” అన్నాడు. “కొత్త జాగ. మైసమ్మకు సాక పొయ్యకుంట నోట్లె ఎట్ల పోసుకుంట?”

జనం తలలూపారు. మా వైపు తొలి ధార అమ్మవారిది. నేల మీద పోసి ఆమెకిచ్చాకే మనిషి ముట్టాలి. ఈ విషయంలో పార్టీల మధ్య భేదాభిప్రాయం లేదు. మల్లేశయ్య చెప్పులు విడిచి చేతులు జోడించాడు. ఇస్తారి వంగి, గడప ముందు మట్టిలో గ్లాసులోదంతా ఆఖరి బొట్టు దాకా పోశాడు.

గ్లాసు మళ్ళీ నింపారు. నీళ్ళ మీద బతికేవాణ్ణి, గంగమ్మను కాదంటే రేపు వల ఎలా వెయ్యను అన్నాడు ఇస్తారి. పోశాడు. మూడోది పెద్దమ్మ తల్లికి. నాలుగోది ఎల్లమ్మకు. ప్రతిసారీ ముందు గ్లాసు కళ్ళకద్దుకున్నాడు. కళ్ళకద్దుకున్నప్పుడల్లా అది ముక్కు ముందు నుంచే దిగాలి. అతని నుదుటి మీద చెమట పట్టింది.

ఐదోది పోచమ్మకు పోస్తున్నప్పుడు మల్లేశయ్య గొంతు సవరించుకున్నాడు. అయితే అమ్మవారికి ఇక చాలు అని మైకులో చెప్పగల నాయకుడు మా పట్టణంలో ఇంకా పుట్టలేదు. పైగా ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. ఇస్తారి ఖాళీ గ్లాసుతో నిటారుగా నిలబడ్డాడు. పేర్లు అయిపోయాయో, బలం అయిపోయిందో నాకు తెలియలేదు. మల్లేశయ్య ఆరోసారి నింపాడు. రితేష్ కెమెరా ఎత్తాడు. అప్పుడు బుగ్గమ్మ నోట్లోంచి కొంగు తీసింది.

“ఉప్పలమ్మను మర్సినవ్,” అంది.

ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. మా ముత్యాలమ్మ ఏం పాపం చేసిందని ఒకావిడ అడిగింది. ఏడోది ఆమెకు పోశాడు ఇస్తారి. ఇంకొకావిడ ఈదమ్మ అంది. రావిర్యాల నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ముసలామె తమ ఊరి బొడ్రాయికి కూడా ఒక చుక్క ఇప్పించమని పట్టుబట్టింది. కాని బాటిలు తిరగేస్తే ఏమీ రాలేదు. రెండో యూనిట్‌కు నిబంధనలు ఒప్పుకోవని హరీశ్ గారు మైకులో క్షమాపణ చెప్పారు. ముసలామె ప్రభుత్వాన్ని తిట్టింది.

ఫోటో రాలేదని రితేష్ నెత్తి పట్టుకున్నాడు. హరీశ్ గారే ధైర్యం చెప్పారు. ఖాళీ గ్లాసుతో దింపడమే మంచిదట. వినియోగం పూర్తయినట్టు ఆధారం ఉంటుంది. మర్నాడు పేపర్లో ఆ ఫోటో కింద ‘సంతృప్తి వ్యక్తం చేస్తున్న లబ్ధిదారు’ అని వేశారు. నిజంగానే అతని ముఖంలో సంతృప్తి ఉంది. పేపర్లు అప్పుడప్పుడూ మనకు ఇలాంటి మేలు చేస్తాయి.

మల్లేశయ్య మాట తప్పలేదు. తాళంచెవి ఇస్తారి చేతిలో పెట్టాడు. తర్వాత అందరూ అసలు దావత్ ఉన్న ఫంక్షన్ హాలుకు వెళ్ళిపోయారు. ఐదు నిమిషాల్లో రెండు వందల కుర్చీలు ఖాళీ. బుగ్గమ్మ గడప ముందు తడిసిన మట్టి మీద రెండు చేటల పొడి మట్టి తెచ్చి కప్పి, ఇంటికి వెళ్ళింది.

ఇస్తారి రెండు కుర్చీలు లోపల ఎదురెదురుగా వేసి ఒకదాంట్లో కూర్చున్నాడు. నేను తాగేవాణ్ణి కాను కాబట్టి నాకు లోపల స్థానం లేదు. బయట మెట్టు మీద శాలువా పరుచుకుని కూర్చున్నాను. శాలువా దేనికైనా ఉపయోగపడడం అదే మొదటిసారి. ఆరున్నర అయింది. ఏడైంది. ఎదుటి కుర్చీ ఖాళీగానే ఉంది. ఫంక్షన్ హాలు వైపు నుంచి డప్పులు వినబడుతున్నాయి. ఇస్తారి రెండుసార్లు లేచి గుమ్మం దాకా వచ్చి ఆ వైపు చూశాడు. రెండుసార్లూ వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. మూడోసారి లేస్తే ఏం చెప్పాలో ఆలోచిస్తుండగా మైకు ఆటో వచ్చి ఆగింది. ఐలేష్ దిగాడు. గొంతు పూర్తిగా పోయింది.

“నిన్నటిసంది కొంగరకలాన్ దాకా తిరిగి సిట్టింగ్, సిట్టింగ్ అని ఒర్రిన,” అన్నాడు గుమ్మంలో నిలబడి. “ఇయ్యాల నువ్వు పారబోస్తుంటే సూసిన. నాతోని ఒక్క చుక్క పారబోసుడు కాదు. ఏడు గ్లాసులు ఎట్ల పోసినవన్నా?”

“ఏడు పొయ్యలే తమ్మీ,” అన్నాడు ఇస్తారి. “ఒక్కటే పోసిన. మల్ల ఒక్కటి పోసిన.”

ఐలేష్ లోపలికి వెళ్ళి ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు.

ఏడున్నరకు వెనక తలుపు చప్పుడైంది. ఆ భవనానికి వెనక తలుపు ఉందని తెలిసినవాళ్ళు ఊళ్ళో తక్కువ. వచ్చినాయన ముఖానికి తువ్వాల చుట్టుకున్నాడు. ఆయనెవరో నేను రాయను. ఆ గది పద్ధతి అది. లోపలికి వస్తూ అలవాటుగా రెండు చేతులూ జోడించి, మళ్ళీ దించేశాడు.

“పేరు చెప్పేది లేదన్నా,” అన్నాడు ఇస్తారి. “ఈడ ఎవ్వలం చెప్పం.”

ఆ మాట జీవితంలో మొదటిసారి విన్నవాడిలా ఆయన కొంతసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత గోడవారనున్న ఒక కుర్చీ లాక్కుని, గోడ మీది ఫ్లెక్సీకి వీపు పెట్టి కూర్చున్నాడు.

“బంద్ వెట్టి ఎన్ని దినాలాయె?” అని అడిగాడు ఐలేష్, అరగంట సీనియారిటీతో.

ఆయన గడియారం చూసుకున్నాడు.

“గంటన్నర,” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఇస్తారి లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. మెట్టు మీదున్న నాకు ఇక ఇంటికి పొమ్మన్నట్టు తల ఊపి, చప్పుడు కాకుండా ఆ రాత్రికి తలుపు మూశాడు.